నొప్పి తెలియడం మొదలైంది

నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉందని సైకియాట్రిస్టు తేల్చేనాటికి ఇరవై ఆరేళ్లు. ఇప్పుడు ముప్పై ఏడు. హైదరాబాద్ చంపాపేట్‌లో, సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఓ చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మోకాళ్లు అరిగిన పెద్దమ్మలు, భుజం బిగుసుకుపోయిన షుగర్ పేషెంట్లు, బైకు మీంచి పడి మొన్ననే సిమెంటు కట్టు విప్పించుకున్న కుర్రాళ్లు రోజంతా వస్తూనే ఉంటారు. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: నొప్పి పదికి ఎంతుంది? "పదికి పన్నెండు రాసుకో బిడ్డా" అంటుంది ఒకామె. ఇంకొకాయన ఆలోచించి ఆలోచించి "ఆరున్నర" అంటాడు. ఇద్దరివీ నమ్మి రాసుకుంటాను. నొప్పికి సాక్షి ఎప్పుడూ ఆ మనిషే.

ఇలా పొద్దస్తమానం పక్కవాళ్ల నొప్పికి మార్కులు వేసే నాకు చాలా ఏళ్లు సొంత నొప్పి సరిగా తెలిసేది కాదు. జబ్బు ముదిరి ఉన్న రోజుల్లో దెబ్బ తగిలితే తగిలిందని తెలిసేది, అంతే. తగ్గుముఖం పట్టాక తెలుస్తోంది. తాలింపులో ఆవగింజ ఎగిరి చేతిమీద పడితే గిలగిల్లాడిపోతున్నాను. మా అమ్మది దేవరకొండ వైపు పల్లె. మొన్న అలాగే నేను అబ్బా అని చెయ్యి విదిలిస్తే, "గింత దానికే గంత లొల్లి చేస్తవేందే? ఎనకట ఎంత తాకినా నోరు తెరవకపోతుంటివి" అంది. అమ్మ లెక్క ప్రకారం నేను వెనక్కి పోతున్నాను. నా డాక్టరు లెక్క ప్రకారం ముందుకు వెళ్తున్నాను. ఈ జబ్బు నుంచి కోలుకుంటున్న మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క తేడా వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

జబ్బు సంగతి

మనసులో లేచిన భావాన్ని అదుపులో పెట్టుకునే శక్తి బాగా సన్నగిల్లిన స్థితి ఇది. చుట్టుపక్కలవాళ్లు దీన్ని పొగరంటారు, డ్రామా అంటారు, పెళ్లి చేస్తే అదే పోతుందంటారు. మా అమ్మ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుని ప్రదక్షిణాలు చేసింది. దానివల్ల ఆమె మనసు కుదుటపడింది కాబట్టి నేను కాదనలేదు.

డాక్టర్ల దగ్గర 9 లక్షణాల జాబితా ఉంది. వాటిలో కనీసం 5 ఏళ్ల తరబడి మనిషిని పట్టుకుని ఉంటేనే ఈ పేరు పెడతారు. అయినవాళ్లు వదిలేస్తారేమోనన్న భయం, పొద్దున దేవుడిలా కనిపించిన మనిషే సాయంత్రానికి శత్రువులా కనిపించడం, తానెవరో తనకే అంతుపట్టకపోవడం, వెనకాముందూ చూడని దుడుకు పనులు, తనను తాను గాయపరచుకోవడం లేదా చావు ఆలోచనలు, గంటల్లో తారుమారయ్యే మూడ్, లోపలంతా డొల్లగా అనిపించడం, పట్టలేని కోపం, ఒత్తిడి ముదిరితే లేనిపోని అనుమానాలు రావడం లేదా తన ఒంటిని తానే దూరం నుంచి చూస్తున్నట్టు ఉండడం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పులో దీన్ని ప్రత్యేక జబ్బుగా చేర్చింది. పుట్టుకతో వచ్చిన సున్నితత్వం, పెరిగిన వాతావరణం, చిన్నప్పటి గాయాలు కలగలిసి దీనికి దారితీస్తాయి. ఒక్క కారణం చూపించి, ఫలానావాళ్ల వల్లే అని వేలెత్తడం కుదరదు.

ఈ జబ్బులో అసలు యాతన ఒత్తిడి. మేం 'టెన్షన్' అనే ఆ మాటకు బయటివాళ్లు ఇచ్చే అర్థం చాలదు. జర్మనీలో క్రిస్టియాన్ స్టిగ్ల్‌మేయర్ అనే పరిశోధకుడి బృందం ఈ జబ్బున్నవాళ్లనూ ఆరోగ్యవంతులనూ రెండు రోజుల పాటు గంటగంటకూ "ఇప్పుడు టెన్షన్ ఎంతుంది?" అని అడిగి, 2005లో ఫలితాలు ప్రచురించింది. జబ్బున్నవాళ్లలో టెన్షన్ వేగంగా ఎగబాకింది, ఎక్కువసేపు దిగకుండా ఉండిపోయింది. ఎవరో కాదన్నారనిపించడం, ఒంటరిగా మిగలడం, ఓడిపోయానన్న భావం అందుకు ముందు తరచూ కనిపించాయి. నా సంగతే చెప్తాను. వాట్సాప్‌లో మెసేజ్ చూసి కూడా స్నేహితురాలు జవాబివ్వకపోతే మీకు చిరాకేస్తుంది. నాకు ఆ రోజుల్లో అరచేతులు చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలై, పది నిమిషాల్లో గదిలో ఊపిరాడనట్టయ్యేది. ఆమె సాయంత్రం "సారీనే, మీటింగ్‌లో ఉన్న" అని పెట్టినా ఆ హోరు అర్ధరాత్రి దాకా తగ్గేది కాదు.

వేడి తెలిసింది, బాధ తెలియలేదు

మా క్లినిక్‌లో హాట్‌ప్యాక్‌లుంటాయి. మందపాటి గుడ్డ సంచుల్లో బంకమట్టి లాంటి పదార్థం నింపి కుట్టినవి. స్టీలు ట్యాంకులో 70 డిగ్రీలు దాటిన నీళ్లలో మునిగి ఉంటాయి. పట్టకారుతో తీసి, నీళ్లు కారనిచ్చి, తువ్వాలు ఆరేడు మడతలు వేసి అప్పుడు నడుం మీద పెట్టాలి. ఫోన్‌లో పెద్ద గొడవ జరిగిన ఒకరోజు నేను పట్టకారు మాటే మరిచి ప్యాక్‌ను ఉత్త చేత్తో తీసి, బెడ్ దాకా నడిచాను. వెనక నుంచి జూనియర్ అమ్మాయి "అక్కా, చెయ్యి!" అని కేక పెట్టాకగానీ కింద పెట్టలేదు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆశ్చర్యమేమిటంటే అది వేడిగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఎంత వేడో చెప్పమంటే చెప్పేదాన్ని కూడా. వదిలెయ్యాలని మాత్రం అనిపించలేదు.

ఈ తేడాను పరిశోధకులు విడదీసి చూశారు. మార్టిన్ బోహస్ బృందం 2000లో, తమను తాము గాయపరచుకునే అలవాటున్న మహిళా పేషెంట్ల చేత మంచు నీళ్లలో చెయ్యి పెట్టించింది. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా వాళ్లకు మామూలువాళ్లకన్నా తక్కువ నొప్పి తెలిసింది. తీవ్రమైన మానసిక యాతనలో ఉన్నప్పుడు ఇంకా తగ్గింది. నరాలే మొద్దుబారాయా అన్న అనుమానం సహజం. 2004లో క్రిస్టియాన్ ష్మాల్, సహచరులు లేజర్ వేడితో పరీక్షించారు. నొప్పి సంకేతం మెదడుకు చక్కగా చేరుతోంది, చర్మం మీద ఎక్కడ తగిలిందో పేషెంట్లు సరిగ్గానే చెబుతున్నారు. తీగలో లోపం లేదన్నమాట. 2006లో అదే బృందం మెదడు స్కానింగ్ చేసింది. నొప్పి కలిగినప్పుడు ఈ పేషెంట్లలో ముందు మెదడులోని అదుపు చేసే భాగం ఎక్కువగా పనిచేసింది. భయానికీ ఉద్వేగానికీ కేంద్రమైన అమిగ్డలా సద్దుమణిగింది. సంకేతం వస్తోంది, దాన్ని బాధగా మలిచే పని మెదడు పైస్థాయిలో ఆగిపోతోంది.

ఇది లోకంలో లేని వింతేమీ కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పిని నిర్వచిస్తూ అది ఇంద్రియానికీ ఉద్వేగానికీ రెండింటికీ చెందిన అనుభవం అంటుంది. హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డ సైనికుల్లో ఎక్కువమంది నొప్పి మందు అక్కర్లేదన్నారని 1946లో రాశాడు. యుద్ధం దాకా ఎందుకు, సాగర్ రోడ్డు మీద యాక్సిడెంటై మా దగ్గరికొచ్చే కుర్రాళ్లను అడిగితే చాలు. "లేచి బండి పక్కకు తీసి, అవతలోడితో గొడవ పడ్డాక గానీ కాలు విరిగిందని తెలీలేదక్కా" అంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు శరీరం నొప్పిని పక్కన పెడుతుంది. మామూలు మనిషికి అది జీవితంలో ఎప్పుడో ఒకసారి. నాలాంటివాళ్లకు మెసేజ్‌కు జవాబు రాకపోయినా శరీరం అదే స్థితికి వెళ్లిపోతుంది.

అలాగని ఒత్తిడి ప్రతిసారీ నొప్పిని తగ్గించదు. నెలల తరబడి సన్నగా నలిపే ఒత్తిడి నొప్పిని పెంచుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలు మెడనొప్పి, తలనొప్పి అంటూ వస్తుంటారు. నోటిఫికేషన్ వాయిదా పడితే నొప్పి పెరుగుతుంది. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. అయినా ఆ నొప్పి అబద్ధం కాదు. బోర్డర్‌లైన్‌లో ఈ రెండు వైపులూ ఒకే మనిషిలో ఉంటాయి. అప్పటికప్పుడు తగిలిన దెబ్బ తెలియదు, నడుంనొప్పి, తలనొప్పి లాంటివి మాత్రం ఏళ్ల తరబడి వదలవు. పరిశోధకులకు ఇదొక చిక్కుముడి. ఇంట్లోవాళ్లకు మాత్రం "దెబ్బ తగిలితే ఏడవదు, ఊరికే నడుం నొప్పంటుంది, అంతా నటన" అన్న తీర్పు సులువుగా దొరుకుతుంది.

నటన అన్న నింద

తనను తాను గాయపరచుకోవడం గురించి ఒక్క మాట చెప్పాలి, వివరాల్లోకి వెళ్లను. నలుగురూ చూడాలని చేస్తారన్నది అందరూ అనే మాట. నేను, నాతో గ్రూపు థెరపీలో కూర్చున్నవాళ్లు, దాన్ని దాచడానికి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ వేసుకుని బస్సెక్కేవాళ్లం. ఒత్తిడి తట్టుకోలేని స్థాయికి చేరినప్పుడు నొప్పి దాన్ని కాసేపు దించుతుందని ప్రయోగశాలల్లోనూ తేలింది. ఆ దిగడం కొద్దిసేపే. తర్వాత సిగ్గు, అపరాధ భావం, ఇంట్లో భయం కలిసి అంతకు ముందున్న ఒత్తిడికి తోడవుతాయి. మెదడు మాత్రం ఆ కాస్త ఊరటనే గుర్తుపెట్టుకుని మళ్లీ అడుగుతుంది. అలవాటు ఇలాగే బిగుస్తుంది.

ఈ సంగతి తెలియాల్సినవాళ్లకే తెలియకపోవడం దారుణం. గాయం శుభ్రం చేయించుకోవడానికి ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్తే, డ్యూటీలో ఉన్నాయన మత్తు ఇంజక్షన్ తీయబోతున్న నర్సును ఆపి "ఈమెకు నొప్పేం తెలుస్తది, చేసుకున్నది తనే కదా" అన్నాడు. ఆ మాట అనేసరికి నా ఒత్తిడి దిగిపోయి ఉంది, కాబట్టి నొప్పి పూర్తిగా తెలిసింది. నోరెత్తలేదు. నాకు దక్కాల్సింది ఇదే అనుకున్నాను.

చట్టం ఆయనకన్నా నయం. 2018 మే 29న అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, చికిత్స, సంరక్షణ అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. మానసిక జబ్బున్నవాళ్లను శారీరక జబ్బున్నవాళ్లతో సమానంగా చూడాలని కూడా ఆ చట్టం చెబుతుంది.

కోలుకోవడం ఎలా ఉంటుంది

ఈ జబ్బు జీవితాంతం ఇంతే అనుకునే రోజులు పోయాయి. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని బృందం 1992లో మొదలుపెట్టి 290 మంది పేషెంట్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు జబ్బు లక్షణాలు తగ్గి ఉన్నాయి. లక్షణాలు తగ్గడంతో పాటు ఉద్యోగం లేదా చదువు, ఒక నిలకడైన బంధం కూడా కుదిరినవాళ్లు సగం మందే. అదే పరిశీలనలో తేలిన మరో విషయం నాకు అద్దంలో చూసుకున్నట్టు అనిపించింది. గాయపరచుకోవడం లాంటి దుడుకు లక్షణాలు త్వరగా పోతాయి. కోపం, డొల్లతనం, వదిలేస్తారన్న భయం నెమ్మదిగా పోతాయి. అంటే కోలుకుంటున్న మనిషి లోపల ఒత్తిడి ఇంకా ఉంటుంది. దాన్ని దించుకునే పాత దారి మాత్రం మూసుకుపోతుంది.

ఆ దశలోనే నొప్పి తిరిగొస్తుంది. ష్మాల్, బోహస్‌ల బృందమే 2009లో మూడు రకాల మహిళలను పోల్చింది: ఇంకా గాయపరచుకుంటున్నవాళ్లు, మానేసినవాళ్లు, జబ్బు లేనివాళ్లు. నొప్పి తెలియడంలో మానేసినవాళ్లు నడిమెట్టు మీద నిలిచారు. అలవాటు మానడం వల్ల నొప్పి తెలుస్తోందా, నొప్పి తెలియడం వల్ల అలవాటు మానగలిగారా అన్నది ఒక్కసారి కొలిచి చెప్పగలిగేది కాదు. జబ్బు తగ్గడమూ నొప్పి తెలియడమూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయన్నంత వరకు నమ్మవచ్చు. దీర్ఘకాలపు నొప్పుల సంగతి దీనికి తిరగేసి ఉంది. జనరీని బృందమే 2004లో గమనించినట్టు, జబ్బు తగ్గినవాళ్లకన్నా తగ్గనివాళ్లలోనే నడుంనొప్పి, ఫైబ్రోమయాల్జియా లాంటివి ఎక్కువ. మనసు కుదురుకుంటే ఒంటి మీటర్ రెండు వైపులా సరిగ్గా చూపించడం మొదలుపెడుతుంది.

నాకు పనికొచ్చిన చికిత్స పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. అందరూ డీబీటీ అంటారు. దీన్ని రూపొందించిన మార్షా లినహాన్ 1991లో మొదటి పెద్ద పరీక్ష ఫలితాలు ప్రచురించారు. టీనేజీలో తానూ ఇలాంటి యాతనతోనే మానసిక చికిత్సాలయంలో ఉన్నానని 2011లో, అదే ఆసుపత్రి ప్రాంగణంలో, అందరి ముందూ చెప్పారు. ఈ జబ్బుకంటూ ప్రత్యేకించి ఆమోదం పొందిన మాత్ర లేదు. డిప్రెషన్, నిద్రలేమి లాంటివి తోడైతే వాటికి మందులిస్తారు. అసలు పని థెరపీదే.

డీబీటీలో నేర్పిందంతా చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఒక్కటి చెప్తాను. నేను పేషెంట్లను నొప్పి పదికి ఎంతని అడిగినట్టే, మా థెరపిస్టు నన్ను ఒత్తిడి వందకు ఎంతని అడిగేది. 30లో ఉంటే కూర్చుని ఆలోచించొచ్చు, మాట్లాడొచ్చు. 70 దాటితే ఆలోచన పనిచేయదు, సలహాలు ఎక్కవు, ముందు ఒంటిని దించాలి. చల్లటి నీళ్లలో ముఖం కాసేపు ముంచితే గుండె వేగం తగ్గుతుంది, అది శరీరానికి సహజంగా ఉన్న గుణం. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా చేయకూడదు. పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలడం, మెట్లెక్కి దిగడం, ఏ పనైనా పది నిమిషాలు వాయిదా వేయడం కూడా ఉన్నాయి. నా ఫోన్ కవర్ వెనక ఒక చీటీ ఉంటుంది. దాని మీద "70 దాటితే జవాబు రాయకు" అని రాసుకున్నాను. ఎన్ని స్నేహాలు ఆ చీటీ వల్ల నిలిచాయో నా స్నేహితులకు తెలియదు.

నొప్పి తెలియడం మొదలైన కొత్తలో చాలా కష్టంగా ఉంది. పాత దెబ్బలన్నీ ఒక్కసారి బిల్లు పంపినట్టు, చిన్నదానికీ కన్నీళ్లొచ్చేవి. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయాను. థెరపిస్టు మాత్రం నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని "గుడ్" అంది. ఆ రోజు ఆమెను కొట్టాలనిపించింది.

ఇంట్లోవాళ్లకు

కోలుకుంటున్న మనిషి చిన్న దెబ్బకు గట్టిగా అరిస్తే ఎగతాళి చేయకండి. "ఇంతకుముందు ఎంత ధైర్యంగా ఉండేదానివి" అనకండి, అది ధైర్యం కాదు. నొప్పి అంటే డాక్టరుకు చూపించండి. మానసిక జబ్బుంది కదా అని గుండెనొప్పినీ కడుపునొప్పినీ మనసు ఖాతాలో వేసేయకండి. ఆ మనిషి 70 దాటి ఉన్నప్పుడు న్యాయాన్యాయాలు తేల్చబోకండి, దిగాక మాట్లాడండి. గాయం కనిపిస్తే తిట్టకుండా, భయపడకుండా, కడిగి కట్టు కట్టించి, ఆ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చావు మాట వింటే ఒంటరిగా వదలకండి, అదే రోజు తీసుకెళ్లండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా వైపువాళ్లకైతే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా నేరుగా ఎర్రగడ్డలో దిగొచ్చు, ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడే ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరు చెప్పి వేళాకోళం చేయడం ఎప్పటి నుంచో ఉంది. ఆ వేళాకోళానికి జడిసి వెళ్లనివాళ్లు ఎంతమందో.

ఈ మధ్య పన్ను నొప్పెడితే రూట్ కెనాల్ చేయించుకున్నాను. డాక్టరు మిషన్ పెట్టగానే ఒక్కసారిగా జివ్వుమంది. వెనకటికైతే కళ్లు మూసుకుని, అదేదో నాకు రాసిపెట్టి ఉన్నట్టు పడుకునేదాన్ని. చెయ్యెత్తి ఆపమన్నాను. "నొప్పి పదికి ఏడుంది, ఇంకో ఇంజక్షన్ ఇవ్వండి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా ఇచ్చాడు. దానికి అదనంగా డబ్బులు కూడా వేయలేదు.